తీరం శుభ్రం చేయబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరంతా కలిసి సముద్రతీరాన్ని శుభ్రం చేయబోతున్నారని తెలిసి సంతోషించాను. అయితే మీ ఉత్తరంలో చేతి తొడుగుల గురించి, గోనెసంచుల గురించి, బ్యానరు గురించి రాశారు గాని, నిండిన సంచులు సాయంత్రానికి ఎక్కడికి చేరతాయో రాయలేదు. ముందుగా తేల్చుకోవలసింది అదే. పారిశుద్ధ్య విభాగం వారిని కలిసి, బండి ఏ వేళకు ఎక్కడికి వస్తుందో మాట తీసుకోండి. లేకపోతే ఒడ్డున పేర్చిన సంచులను కుక్కలు చింపుతాయి, మిగిలినదాన్ని పోటు తీసుకుపోతుంది.

చాలా తీరాల్లో ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి. మరునాటికి ఆ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక, వారం కిందట చూసిన వేళను నమ్ముకోకుండా ఆ రోజు ఆటుపోట్ల వేళల పట్టికనే చూసుకొని, నీరు తగ్గుతున్నప్పుడు పని మొదలుపెట్టండి. నీరు ఎంతవరకు వచ్చి ఆగిందో ఇసుక మీద నాచూ పుల్లలూ గీతలా చూపుతాయి. చెత్త ఎక్కువగా అక్కడే చిక్కుకొని ఉంటుంది. నాచును మాత్రం ఊడ్చివేయకండి. చిన్న పురుగులకూ, వాటిని తిని బతికే పక్షులకూ అదే ఆధారం. శుభ్రమైన తీరమంటే నున్నగా దువ్విన ఇసుక అని మనకు ఎవరు నేర్పారో గాని, అది పొరపాటు అభిప్రాయం.

1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, క్యాథీ ఓహారా అనే ఇద్దరు మహిళలు పిలుపునిస్తే సుమారు 2,800 మంది కదిలివచ్చారు. వారు చెత్తను ఎత్తి ఊరుకోలేదు, ఏ వస్తువు ఎన్ని దొరికాయో కార్డుల మీద రాశారు. ఏటా సెప్టెంబరులో అనేక దేశాల్లో జరిగే అంతర్జాతీయ తీర శుభ్రతా కార్యక్రమానికి అదే మొదలు. మీరూ ఇద్దరిద్దరుగా జతకట్టి, ఒకరు ఏరుతుంటే మరొకరు రాయండి. పది బస్తాలు తీశామంటే మెచ్చుకొని మరిచిపోతారు. సిగరెట్ పీకలు ఇన్ని, వల ముక్కలు ఇన్ని, సీసా మూతలు ఇన్ని అని చూపితే, తరువాత ఎవరితో మాట్లాడాలో మీకే తెలుస్తుంది: పీకల సంగతి ఒడ్డుకు వచ్చేవారితో, వలల సంగతి పడవలవారితో. అన్నట్టు, ఆ పీకల్లో దూదిలా కనిపించేది చాలావరకు సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్కే. పెద్ద ముక్కలను ఎండకూ అలలకూ చితకకముందే ఏరండి; 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నవైపోయాక చేతితో ఏరడం దాదాపు అసాధ్యం.

సిరంజిలు, గాజు పెంకులు, మూత బిగించిన డబ్బాలు కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దలను పిలవండి. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే, అటవీ అధికారులను అడిగాకే తేదీ ఖాయం చేయండి.

మురుగుకాలువ కలిసేచోట దొరికినవాటిని విడి కాగితం మీద రాయండి. ఆ చెత్త ఒడ్డున పడేసింది కాదు, వీధుల నుంచి కొట్టుకువచ్చింది. ఆ కాగితం నకలు నాకూ ఒకటి పంపండి.

మీ తాతయ్య