క్లాండన్ పార్క్: కాలిన భవనానికి ఏ రూపం తిరిగివ్వాలి?

2015 ఏప్రిల్ 29న ఇంగ్లండ్‌లో, సర్రే కౌంటీలోని గిల్డ్‌ఫర్డ్‌కు దగ్గరున్న క్లాండన్ పార్క్ భవనం తగలబడింది. నేలమాళిగలోని విద్యుత్ డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర పుట్టిన మంట లిఫ్ట్ మార్గం గుండా పైకప్పు దాకా ఎగబాకింది. బయటి గోడలు నిలిచాయి, లోపలి అంతస్తులు కూలాయి. దాదాపు చెక్కుచెదరకుండా మిగిలిన పెద్ద గది ఒక్కటే, స్పీకర్స్ పార్లర్. ఆన్‌స్లో వంశంలో ముగ్గురు బ్రిటిష్ దిగువ సభకు స్పీకర్లయ్యారు. వాళ్ల పేరు మీదే ఆ గది.

ఆ వంశం ఇక్కడ ఎస్టేటు కొన్నది 1641లో. పాత ఇంటిని తీసేసి ఇప్పటి ఎర్ర ఇటుకల భవనాన్ని రెండో బారన్ థామస్ ఆన్‌స్లో కట్టించాడు. ఆయన భార్య ఎలిజబెత్ నైట్‌కు జమైకా చెరకు తోటల ఆస్తి వారసత్వంగా వచ్చింది. బానిసల చెమటతో పండిన సొమ్ము అది. ఈ ఇంటి అందం గురించి మాట్లాడేవాళ్లు ఆ మాటను దాటేయకూడదు.

నమూనా గీసింది వెనిస్ వాస్తుశిల్పి జాకొమో లియోని. ఆయన ప్రతిభంతా మార్బుల్ హాల్‌లో కనిపించేది. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 40 అడుగులే. పైకప్పు నిండా గచ్చుతో మలిచిన బొమ్మలు, పొయ్యిల మీద రిస్‌బ్రాక్ చెక్కిన పాలరాతి శిల్పాలు.

తర్వాత ప్రతి తరమూ దీనిమీద ఓ చెయ్యి వేసింది. 1870ల్లో ముందు వాకిట్లో గుర్రపుబండ్లు ఆగే మండపం వెలిసింది. న్యూజిలాండ్ గవర్నరుగా చేసిన, ఆన్‌స్లో వంశపు నాలుగో ఎర్ల్ (ఎర్ల్ అంటే ఒక బిరుదు) అక్కడి మావోరీల సభామందిరం హినెమిహిని కొని తెచ్చి తోటలో నిలబెట్టాడు. 1956లో భవనం, చారిత్రక కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది. 1960ల చివర్లో ఇంటి అలంకరణ నిపుణుడు జాన్ ఫౌలర్ గదులకు కొత్త రంగులు, కొత్త అలంకరణ చేయించాడు. అంటే 2015లో కాలిపోయిన గదులు చాలావరకు ఫౌలర్ తీర్చిదిద్దినవే.

ఇలాంటి పరీక్ష ట్రస్టుకు కొత్త కాదు. 1989లో ససెక్స్‌లోని అప్‌పార్క్ కాలిపోతే, పనివాళ్లకు పాత కళలు మళ్లీ నేర్పించి మరీ ఇంటిని పునరుద్ధరించి 1995లో తెరిచింది. క్లాండన్‌లోనూ కింది అంతస్తు ముఖ్యమైన గదులను తిరిగి కడతామని మొదట చెప్పింది. 2022లో మాట మార్చి, భవనాన్ని కాలిన స్థితిలోనే కాపాడి లోపల నడకదారులు వేస్తామంది. వివాదం ముదిరింది అక్కడే.

ట్రస్టు వాదన కొట్టిపారేయదగ్గది కాదు. గార రాలిపోయిన గోడల్లో ఇప్పుడు ఇటుకల వరసలు, గచ్చు పట్టి ఉండటానికి కొట్టిన సన్న చెక్కపట్టీలు, వాటి మసిబారిన చివరలు కనిపిస్తాయి. తాపీమేస్త్రీలు, వడ్రంగులు చేసిన పని ఇంత విడమరిచి చూపే భవనం అరుదు. ఫౌలర్ అలంకరణను నకలు తీయనక్కర్లేదనీ ఒప్పుకుంటాను. కానీ మార్బుల్ హాల్ సంగతి వేరు. దాని కొలతలు, ఫొటోలు ఉన్నాయి, గచ్చు ముక్కలను శిథిలాల్లోంచి ఏరి దాచారు. అప్‌పార్క్‌లో అంత పట్టుదల చూపినవాళ్లు కనీసం ఈ ఒక్క హాలునైనా తిరిగి నిలబెట్టాల్సింది.