పాత కారుకు రెండు గేజీలు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పాత కారును బాగుచేసుకోవాలని ముచ్చటపడుతున్న మీరు రంగు, సీట్ల సంగతి తరువాత చూసుకుని, ముందుగా దాని డాష్‌బోర్డులో రెండు గేజీలు బిగించండి. ఒకటి ఆయిల్ ప్రెజర్‌ది, రెండోది ఇంజిన్ నీటి వేడిది. పాత కార్లు చాలావాటిలో ఆయిల్ కోసం ఒక్క ఎర్రదీపమే ఉంటుంది. ప్రెజర్ ఇంచుమించు 5 నుంచి 7 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) పడిపోతే గానీ అది వెలగదు కనుక, ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు వెలిగిందంటే బేరింగులకు అప్పటికే దెబ్బ తగిలి ఉండవచ్చు. అదే గేజి ఉంటే, నిన్నటిదాకా 50 దగ్గర నిలిచిన ముల్లు ఈరోజు అదే వేగంలో 35 దగ్గర ఊగుతోందని కనిపిస్తుంది. బండి ఆపి ఆయిల్ మట్టం చూసుకునే వ్యవధి దొరుకుతుంది.

పంపు చేసే పని ఆయిల్‌ను తోయడం మాత్రమే. బేరింగులకూ, వాటిలో తిరిగే ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్టుకూ మధ్యనున్న సన్నని సందుల్లోంచి ఆ ఆయిల్ తేలికగా పోలేకపోవడం వల్ల ప్రెజర్ పుడుతుంది. అందుకే ఇంజిన్ చల్లగా, ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ముల్లు పైకి లేస్తుంది, వేడెక్కి పలచబడ్డాక దిగుతుంది, బేరింగులు అరిగి సందులు పెరిగిన కొద్దీ మరింత దిగుతుంది. నిమిషానికి ప్రతి వెయ్యి చుట్ల వేగానికి 10 పీఎస్ఐ ఉండాలని మెకానిక్కులు చెప్పే లెక్క ఉజ్జాయింపుగా పనికొస్తుంది గానీ, మీ కారు మాన్యువల్‌లోని అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

గేజీలు రెండు రకాలు. మెకానికల్ గేజిలో, 1849లో ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ పేటెంటు పొందిన వంపు గొట్టమే ఇప్పటికీ పనిచేస్తోంది. లోపలికి ప్రెజర్ వచ్చినప్పుడు వంగిన గొట్టం కాస్త నిటారు కాబోతుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. దీని రీడింగు నమ్మదగినదే, అయితే వేడి ఆయిల్ సన్నని గొట్టంలో మీ మోకాళ్ల దాకా వస్తుందని మరువకండి. రాగి గొట్టమైతే ఇంజిన్ అదురుకు గట్టిపడి చిట్లుతుంది కాబట్టి మధ్యలో ఒక చుట్ట చుట్టి వదలాలి, రేకు దాటే చోట గొట్టం ఒరుసుకోకుండా రంధ్రానికి రబ్బరు గ్రామెట్ (రింగు) వేయాలి, ఎగ్జాస్టుకు దూరంగా నడపాలి. ఎలక్ట్రికల్ గేజిలో ఈ భయం లేదు. కానీ ఇంజిన్‌కు బిగించి ఉండి వైరు ద్వారా కొలతను పంపే సెండర్, దాన్ని చూపే గేజి ఒకదానికొకటి జతగా చేసినవై ఉండాలి. వేర్వేరు జతల్లోవి కలిపితే ముల్లు అబద్ధం చెబుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త మర దగ్గర కావాలి. ఎనిమిదో వంతు అంగుళం పైపు మరల్లో బ్రిటిష్ పద్ధతికి అంగుళానికి 28 చుట్లు, అమెరికన్ పద్ధతికి 27 చుట్లు. కంటికి రెండూ ఒకటే. నా చిన్నతనంలో నేనొక ఇత్తడి అడాప్టరును (ఒక మరను మరో మరకు కలిపే ముక్కను) వేళ్లతో రెండు చుట్లు తిప్పాను. చక్కగానే ఎక్కింది. మూడో చుట్టుకు బిగుసుకుంటే స్పానర్ వేసి తిప్పాను. ఇంజిన్ బ్లాకులోని మర నలిగి, ఇత్తడి పొడి నా బొటనవేలికి అంటుకుంది. అందుకని వేళ్లతో సాఫీగా ఎక్కనిదాన్ని స్పానర్‌తో ఎక్కించకండి. సెండర్ తన ఎర్తును ఈ మర ద్వారానే తీసుకుంటుంది కాబట్టి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టినా రీడింగు చెడుతుంది. మూడు దారులున్న టీ-ముక్క వేసి పాత ఎర్రదీపం స్విచ్చిని కూడా అలాగే ఉంచండి. రోడ్డు మీద చూపున్నవారికి ముల్లు కంటే దీపమే ముందు కనబడుతుంది. బరువైన సెండర్‌ను మాత్రం ఆ ఇత్తడి టీకి వేలాడదీయకుండా, చిన్న హోస్ వేసి బాడీ రేకుకు బిగించి, దానికి వేరే ఎర్తు వైరు ఇవ్వండి.

వేడి గేజి సెండర్ థర్మోస్టాట్‌కు (ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని వాల్వుకు) ఇంజిన్ వైపున, ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే చోట ఉండాలి. నీరంతా కారిపోతే ఆ సెండర్ గాలిలో మిగిలి, ఇంజిన్ మాడుతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. అందుచేత ఉన్నట్టుండి చల్లబడిన రీడింగును చూసి సంతోషించక వెంటనే ఇంజిన్ ఆపండి. మెకానికల్ రకమైతే దాని గొట్టంలో తేలికగా ఆవిరయ్యే ద్రవం మూసి ఉంటుంది, కాబట్టి పొడవెక్కువైందని కత్తిరించకూడదు, మిగిలింది చుట్టి కట్టేయాలి. బిగించేముందు ఏ రకమైనా, గేజిని కాక ఇంజిన్‌లోకి వెళ్లే దాని కొనను మరుగుతున్న నీటిలో ముంచి ముల్లు 100 డిగ్రీల దగ్గరికి వస్తోందో లేదో చూడండి. ఎలక్ట్రికల్ రకమైతే ఈ పరీక్షలో సెండర్ ఒంటికి ఎర్తు వైరు తగిలించాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ వైరు తీసేసి పని మొదలుపెట్టండి. అంతా బిగించి బ్యాటరీ కలిపాక, ఇగ్నిషన్ కాయిల్ వైరు విడదీసి స్టార్టర్‌తో కొద్ది సెకన్లు తిప్పి, ముల్లు లేచిన తరువాతే ఆ వైరు మళ్లీ కలిపి ఇంజిన్ స్టార్ట్ చేయండి. అప్పుడు తెల్లటి గుడ్డతో ప్రతి జాయింటునూ తుడిచి మరక పడుతుందేమో చూడండి. బండిని పూర్తిగా వేడెక్కేదాకా నడిపి వచ్చి, ఇంజిన్ ఆపి, ఎగ్జాస్టుకు చెయ్యి తగలకుండా మరో శుభ్రమైన గుడ్డతో మళ్లీ తుడవండి.

ఇట్లు,
మీ తాతయ్య