గ్రీన్ పార్టీలు, ఓట్లు, పొత్తులు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో డిగ్రీ పిల్లోళ్లకి పొలిటికల్ సైన్స్ చెప్పబట్టి 18 ఏళ్లు, యూరప్ గ్రీన్ పార్టీల (పర్యావరణం పేరుతో పోటీ చేసేవి) పాఠం వచ్చినప్పుడల్లా అవే డౌట్లు, టీ కొట్టు కాడ కూడా అవే, అందుకే ఒకసారి రాసి పడేస్తున్నా.

అపోహ: పర్యావరణం జనాలకి పట్టదు, అందుకే గ్రీన్స్‌కి ఓట్లు పడవు.

పడతాయప్పా, సీట్లే రావు. 1989 యూరప్ పార్లమెంటు ఎన్నికల్లో బ్రిటన్ గ్రీన్స్‌కి 15 శాతం దాకా ఓట్లు పడినాయి, సీట్లు సున్నా. 1999కి అదే ఎన్నికని దామాషా పద్ధతిలోకి, అంటే ఓట్ల వాటా ప్రకారం సీట్లిచ్చే పద్ధతిలోకి మార్చినారు, ఓట్లు 6 శాతం దగ్గరికి దిగినా ఇద్దరు గెలిచినారు. మనకిది కొత్తేం కాదు, 2009లో ప్రజారాజ్యానికి 16 శాతం పైన ఓట్లొస్తే 294లో 18 సీట్లే కదా. జర్మనీలో 5 శాతం దాటితే చాలు, వాటా ప్రకారం సీట్లు, గ్రీన్స్ 1983లో 5.6 శాతంతోనే పార్లమెంటులో కాలు పెట్టినారు.

ఇక్కడ ఓటరు లెక్క వేరే. మా ఫ్రెండొకాయన ఏటి ఇసుక తోలే లారీల మీద కొట్లాడి కొట్లాడి ఒకసారి అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబడినాడు, కౌంటింగ్ ఏజెంటుగా నేనే పోయినా. మెష్ ఇవతల కూర్చోని, ఓటింగ్ మిషన్ కంట్రోల్ యూనిట్ చూపించినప్పుడల్లా అంకె రాసుకోవాల, పక్కనున్న పెద్ద పార్టీ ఏజెంట్లు మూడంకెలు రాస్తావుంటే నేను 4, 0, 7 రాసుకుంటా ఉన్నా. ఆయన సొంతూరి బూతులో 31. లారీలకి అడ్డం పడుకున్నోళ్లే దానికి రెట్టింపు ఉంటారు! తర్వాత అడిగితే "నీకేస్తే వేస్టయిపోతాది కదన్నా" అని మొహం మీదే చెప్పినారు. ఆరో వంతు ఓట్లు రాకపోతే డిపాజిట్ 10,000 గోవిందా.

అపోహ: పెద్ద పార్టీతో కలిస్తే చిన్న పార్టీకి లాభమే.

అందరూ జనసేనని చూపిస్తారు, 2019లో ఒక్క సీటు, 2024 పొత్తులో 21కి 21. నిజమే, కానీ అది ఎన్నికల ముందు పొత్తు, పెద్ద పార్టీ ఓటు కూడా మన గుర్తు మీదే పడతాది. యూరప్‌లో ఎక్కువగా ఎవరికి వాళ్లు పోటీ చేసి, రిజల్ట్ వచ్చినాక కూర్చోని ఒప్పందం రాసుకుంటారు, జనం కోపమంతా తర్వాతి ఎన్నికల్లో చిన్నోడి నెత్తినే పడతాది. ఐర్లండ్ గ్రీన్స్ 2007లో 6 సీట్లతో సర్కారులో చేరి 2011లో ఆరూ పోగొట్టుకున్నారు. బుద్ధొచ్చిందా? 2020లో 12 గెలిచి మళ్లీ చేరినారు, 2024లో మిగిలింది 1.

అపోహ: మంత్రి పదవి తీసుకుంటే సిద్ధాంతం అమ్ముకున్నట్టే.

సగం నిజం. 1998లో జర్మనీ గ్రీన్స్ అక్కడి లెఫ్ట్ వైపు పెద్ద పార్టీ ఎస్పీడీతో కలిసి సర్కారులోకి పోయినారు, యోష్కా ఫిషర్ విదేశాంగ మంత్రి. మరుసటి ఏడు కొసోవో యుద్ధానికి ఊ అన్నాడని సొంత పార్టీ సభలోనే ఎర్ర రంగు సంచి విసిరి కొడితే చెవి కర్ణభేరి దెబ్బతినింది. అయినా అణు కరెంటు ఆపే చట్టం 2002లో ఆ సర్కారే తెచ్చింది, మధ్యలో ఛాన్సలర్ మెర్కెల్ గడువు పొడిగించి, ఫుకుషిమా తర్వాత మళ్లీ కుదించి, చివరికి ఆఖరి మూడు రియాక్టర్లు 2023 ఏప్రిల్ 15న ఆగినాయి. ధర్నాలతోనే ఇంత అయ్యేదని నేనైతే నమ్మను.

అపోహ: గ్రీన్స్ అంటే లెఫ్టోళ్ల తోక.

కాదు. జర్మనీలోని బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2016 నుంచి పదేళ్లు గ్రీన్ ముఖ్యమంత్రి కింద పని చేసింది మెర్కెల్ పార్టీ, రైట్ వైపు ఉండే సీడీయూనే.

అపోహ: మన కాడ గ్రీన్ పార్టీ గెలవదు కాబట్టి గ్రీన్ రాజకీయమే లేదు.

కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి 2024లో చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కినాయి, సర్కారు వెనక్కి తగ్గింది. పచ్చ జెండా పార్టీ ఏదీ గెలవకుండానే. ఇది చెప్తే మా ఇసుక ఫ్రెండు "సరే సార్, మరి నా 10,000 ఎవరిస్తారు" అంటాడు.