అరవై దాటినవాళ్లకు కార్డు అక్కర్లేదు: బస్సు రాయితీలపై అపోహలు - వాస్తవాలు

జూన్ నెలలో తిరుపతి బస్టాండులో పాసుల కౌంటర్ ముందు వరస చూడండి. కాలేజీ బ్యాగుల మధ్యలో ఇద్దరో ముగ్గురో పెద్దవాళ్లు కనిపిస్తారు. చేతిలో ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు. గంట నిలబడి కిటికీ దాకా వచ్చాక అడిగే మాట ఒకటే: "నాయనా, ముసలోళ్ల కార్డు ఈడేనా ఇచ్చేది?"

ఈడా కాదు, యాడా కాదు. పావు వంతు రాయితీ కోసం అలాంటి కార్డు చేయించుకోవాల్సిన పనే లేదు. పెద్దవాళ్లకు డబ్బూ ఓపికా అన్నిటికంటే ఎక్కువ పోగొడుతున్న అపోహ ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: సీనియర్ సిటిజన్ రాయితీకి ఆర్టీసీ కార్డు ఉండాలి.

వాస్తవం: 60 ఏళ్లు నిండినవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో 25 శాతం రాయితీ ఉంది. ఆడ, మగ తేడా లేదు. కావలసింది వయసు రుజువు మాత్రమే. ఆధార్, ఓటరు కార్డు, పాన్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, రేషన్ కార్డు, వీటిలో ఏదైనా చెల్లుతుంది. పల్లె వెలుగుకే కాదు, సూపర్ లగ్జరీ లాంటి రిజర్వేషన్ బస్సులకూ ఇది వర్తిస్తుంది. డబ్బిస్తే కార్డు చేయిస్తామని ఎవరైనా చెబితే పైసా ఇవ్వకండి.

మరి రాయితీ ఎక్కడ జారిపోతోంది? మూడు చోట్ల.

ఒకటి, కండక్టర్ టికెట్ కొట్టాక చెప్పడం. మిషన్‌లోంచి పూర్తి ఛార్జీ టికెట్ బయటికొచ్చాక "నాకు అరవై రెండు నాయనా" అంటే ఆయన చేయగలిగింది పెద్దగా ఉండదు. ఊరి పేరు చెప్పేటప్పుడే "పీలేరు ఒకటి, సీనియర్" అని కార్డు ముందుకు చాపండి. టికెట్ చేతికి రాగానే మొత్తం చూసుకోండి.

రెండు, పిల్లలు ఆన్‌లైన్లో టికెట్ తీయడం. కొడుకు బెంగళూరులో కూర్చుని అమ్మానాన్నలకు రిజర్వేషన్ చేస్తాడు. పేరు, వయసు 67, 63 అని సరిగ్గానే కొడతాడు. ప్రయాణికుడి రకం దగ్గర మాత్రం ముందే ఉన్న 'అడల్ట్'ను మార్చడు. వయసు కొట్టాం కదా, రాయితీ దానంతటదే వస్తుందనుకుంటాడు. ఆ గడిలో 'సీనియర్ సిటిజన్' ఎంచుకుంటేనే లెక్క మారుతుంది. డబ్బు కట్టేశాక బస్సులో కండక్టర్‌ను అడిగితే తిరిగి ఇవ్వలేడు. రాయితీతో తీసినా ప్రయాణంలో రుజువు దగ్గరుండాలి, లేకపోతే ఆ రాయితీ చెల్లదు.

మూడు, ఆధార్ కార్డే. పాత కార్డులు తీసి చూడండి. కొన్నిటి మీద పుట్టిన తేదీ ఉండదు, పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. అరవై ఈ ఏడాదే నిండుతున్నవాళ్లకు దీంతోనే పేచీ వస్తుంది. ఏ నెలో తెలియని కార్డు చూసి ఎవరూ తేల్చలేరు. అలాంటివాళ్లు పూర్తి తేదీ ఉన్న రెండో రుజువు వెంట పెట్టుకోవాలి. అసలు కార్డే తీసుకెళ్లండి, మడతలు పడి అక్షరాలు చెరిగిన జిరాక్సు మీద ఆధారపడకండి.

ఇంకో మాట. 25 శాతం అసలు ఛార్జీ మీదే. ఛార్జీ 200 అయితే తగ్గేది 50. రిజర్వేషన్ రుసుము, టోల్, సెస్సులు అందరికీ ఒకటే. "మొత్తంలో పావు వంతు తగ్గలేదు, కండక్టర్ మోసం చేశాడు" అనే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

అపోహ: తమిళనాడు ఆధార్ ఉంటే ఏ రాయితీ రాదు.

చిత్తూరు, నగరి వైపు ఇది ఇంటింటి సమస్య. వేలూరు నుంచి, తిరుత్తణి నుంచి కోడళ్లొస్తారు, ఆధార్ మీద పుట్టింటి చిరునామా అలాగే ఉండిపోతుంది. ఇక్కడ రెండు వేర్వేరు రాయితీలను కలిపేసుకుంటున్నారు. సీనియర్ సిటిజన్ రాయితీకి రాష్ట్రంతో పనిలేదు, వయసే చూస్తారు. ఆడవాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఉచిత బస్సు పథకం స్త్రీ శక్తి మాత్రం ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్నవాళ్లకే. అత్తగారింటికొచ్చి పదేళ్లయినా ఆధార్‌లో చిరునామా మార్చుకోని ఆడవాళ్లు రోజూ టికెట్ కొంటున్నారు. ఒక్కసారి ఆధార్ కేంద్రానికి వెళ్లొస్తే రోజూ పెట్టే ఖర్చు ఆగుతుంది. తప్పు మీదేమీ కాదు, ఎవరూ చెప్పలేదంతే.

అపోహ: ఉచితం కాబట్టి టికెట్ తీసుకోనక్కర్లేదు.

తీసుకోవాలి. దాన్నే జీరో టికెట్ అంటారు. సంస్థకు ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బుకు ఆ టికెట్లే లెక్క. చెకింగ్ వాళ్లు ఎక్కినప్పుడు చేతిలో టికెట్ లేకపోతే మీరు టికెట్ లేని ప్రయాణికులే.

అపోహ: తిరుమల బస్సు కూడా ఉచితమే.

కాదు. 2025 ఆగస్టు 15న మొదలైన ఈ పథకం పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు వర్తిస్తుంది. కొండకు వెళ్లేది సప్తగిరి ఎక్స్‌ప్రెస్. పేరులో ఎక్స్‌ప్రెస్ ఉండటమే తికమకంతా. దానికి వర్తించదు. నాన్‌స్టాప్ బస్సులకూ, రాష్ట్రం దాటే సర్వీసులకూ అంతే. పుత్తూరులో దిగేవాళ్లు చెన్నై బోర్డున్న బస్సెక్కి వాదించకండి, నగరి పల్లె వెలుగు ఎక్కండి. శ్రీకాళహస్తి, చంద్రగిరి, పాకాల వైపైనా ముందు బోర్డు చదవండి, తర్వాత మెట్టెక్కండి. కుటుంబంతో కొండకు బయల్దేరేవాళ్లు ఆడవాళ్ల టికెట్లకు కూడా డబ్బు లెక్కేసుకుని రండి. పిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి బస్సెక్కాక ఈ సంగతి తెలిసి తెల్లమొహం వేయడం చూడలేం.

అపోహ: ఆన్‌లైన్లో పెడితే విద్యార్థి పాసు వచ్చినట్టే.

దరఖాస్తు పెట్టాక కాలేజీ వాళ్లు ధ్రువీకరించాలి, ఆ తర్వాతే కౌంటర్‌లో డబ్బు కట్టి పాసు తీసుకోవడం. ధ్రువీకరణ కాకముందే వచ్చి వరసలో నిలబడితే వెనక్కి పంపక తప్పదు. ముందు కాలేజీ ఆఫీసులో కనుక్కోండి. ఎస్సెస్సీ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంటిపేరు తిరగేసి ఇంకో పేరు ఉంటే అక్కడే ఆగిపోతుంది, దాన్ని వేసవి సెలవుల్లోనే సరిచేయించండి. మన రాష్ట్రం చిరునామా ఉన్న ఆడపిల్ల పైన చెప్పిన బస్సుల్లోనే తిరిగేటట్టయితే ఈ వరసలో నిలబడే పనే లేదు.

దివ్యాంగుల సంగతి వేరు. వాళ్లకు రాయితీ పాసు ఉండాలి, దానికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావాలి. ఇక పిల్లల టికెట్‌కు ఎత్తు కొలవరు, వయసే లెక్క. 5 ఏళ్లలోపు ఉచితం, 5 నుంచి 12 వరకు అర టికెట్.

రైల్వే కౌంటర్ దగ్గరా ఇదే గందరగోళం, కాకపోతే అక్కడ తిరగబడింది. రైళ్లలో సీనియర్ సిటిజన్ రాయితీని 2020 మార్చి 20 నుంచి ఆపేశారు. బస్సులో ఉంది కదా అని అక్కడ వాదిస్తే వెనకున్న పదిమందికి రైలు తప్పిపోతుంది. అలాగే 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్‌ను పొద్దున రద్దీ లేదని కొనిపెట్టుకుని సాయంత్రం ఎక్కకూడదు. కొన్న మూడు గంటల్లోపు, లేదా ఆ ఊరికి బయల్దేరే మొదటి రైలు, రెండింటిలో ఏది ఆలస్యమైతే అంతవరకే అది చెల్లుతుంది. కాట్పాడికైనా, చెన్నైకైనా ఇదే లెక్క.