షోరూమ్ గేటుకి అంటించిన నోటీసు, దాని వెనక కథ

బ్యాంకువాళ్లు గేటుకి స్వాధీన నోటీసు అంటించినప్పటి నుంచి వ్యాపారం ఎవరి వల్ల మునిగిందన్న గొడవ మళ్లీ మొదలైంది. డెల్టాలో రెండు తరాలుగా కార్లు అమ్మిన ఆ కుటుంబం పేరు ఇక్కడ రాయడం లేదు, హైవే మీద తిరిగేవాళ్లకి ఎలాగూ తెలుసు. పెద్దాయన స్కూటర్ల ఏజెన్సీతో మొదలుపెట్టడం, మారుతి 800 కోసం జనం డబ్బు కట్టి ఎదురుచూసిన కాలంలో కార్ల మీద గాలి మళ్లడం, ఇదంతా ఊళ్లో అందరూ చెప్పేదే కాబట్టి వదిలేద్దాం. అన్నదమ్ములు పడక వ్యాపారం ముంచారన్న మాట కూడా ఊరంతా ఉంది కానీ, నన్నడిగితే షోరూమ్ స్థలం కాగితాలు బ్యాంకు లాకర్‌లోకి వెళ్లిన రోజు దగ్గరే అంతా ఉంది.

కాగితాలు ఎందుకు వెళ్లాయంటే, షోరూమ్‌లో నిలబెట్టిన కారు కంపెనీది కాదు, డీలర్‌ది. ఫ్యాక్టరీ నుంచి లారీ ఎక్కేసరికే కంపెనీ బిల్లు వేసేస్తుంది, ఆ డబ్బు బ్యాంకు ఇస్తుంది, అమ్ముడుపోయేదాకా వడ్డీ డీలర్ నెత్తిన. ఆషాఢంలో మన దగ్గర బండి డెలివరీ తీసుకునేవాడు ఉండడు, రొయ్యకి రేటు పడిపోయిన ఏడు శ్రావణంలోనూ ఉండడు, కానీ నెలాఖరు టార్గెట్ బిల్లింగ్ మాత్రం ఆగదు. ఇలా స్టాక్ మీద ఇచ్చే అప్పుకి కార్లొక్కటే హామీ అంటే బ్యాంకు ఊరుకోదు, ఆస్తి అడుగుతుంది. వీళ్ల దగ్గర ఉన్నది తాతగారి నాటి వరిచేను, మెరక వేసి, నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) చేయించి షోరూమ్ కట్టింది. అదే తనఖా పెట్టారు. (అప్పు తీరకపోతే తనఖా ఆస్తిని బ్యాంకు తనే స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమిని ముట్టుకోదు. చేను చేనుగా ఉండుంటే ఈ నోటీసే లేదు.)

సంతకాలు పెట్టింది అన్నదమ్ములిద్దరే. కోనసీమలో ఇచ్చిన ఆడపడుచుని ఎవరూ అడగలేదు, ఇప్పుడు కోర్టుకెళ్లింది ఆవిడే.

అడగకపోవడానికి వాళ్ల లెక్క వాళ్లకుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ తెచ్చిన 1986 చట్టం, 1985 సెప్టెంబరు 5 నాటికే పెళ్లయిపోయినవాళ్లకి వర్తించదు. ఆవిడ పెళ్లి అంతకు ముందే అయింది. 2005లో కేంద్రం చట్టం మార్చి ఆ అడ్డు తీసేసినా, అప్పటికే తండ్రి పోయారు కాబట్టి మనకి ఇబ్బంది లేదనుకున్నారు. 2015లో సుప్రీంకోర్టు కూడా చట్టం వచ్చేనాటికి తండ్రి బతికుంటేనే కూతురికి హక్కు అనడంతో ఇక అసలు టెన్షనే లేకుండా పోయింది. 2020 ఆగస్టు 11న అదే కోర్టు, ముగ్గురు జడ్జీల బెంచి, దాన్ని తిరగరాసింది: కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది, 2005లో తండ్రి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదు. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన తనఖాలకి, అమ్మకాలకి, పంపకాలకి రక్షణ ఉంది. వీళ్ల తనఖా ఆ తర్వాతది.

అన్నదమ్ముల మాటేంటంటే, పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద కొబ్బరితోట ఇచ్చేశాం, అప్పు చేసింది కూడా కుటుంబ వ్యాపారం కోసమే కాబట్టి అందరికీ కట్టుబాటు. కుటుంబ అవసరానికి చేసిన అప్పు వాటాదారులందరినీ కట్టేస్తుందన్నది చట్టంలో ఉన్నమాటే.

ఆవిడ వైపు వాళ్లు అడిగేది వేరు. కొబ్బరితోట ఇచ్చింది అమ్మ, అమ్మ పుట్టింటి ఆస్తిలోంచి, అందులో ఈ చేను ప్రస్తావనే లేదు అంటున్నారు. లాభాలొచ్చిన ఏళ్లలో ఒక్క సంక్రాంతికైనా లెక్క చూపించారా, చీరె పెట్టి పంపడం తప్ప? అది కుటుంబ వ్యాపారమైతే భాగస్వామ్య పత్రంలో నా పేరేది? బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్ రాసేటప్పుడు వంశవృక్షం అడుగుతాడు కదా, ఇచ్చిన దాంట్లో ఇద్దరు కొడుకులే ఎందుకున్నారు? ఈ చివరి ప్రశ్నకి అటు అన్నదమ్ములూ ఇటు బ్యాంకూ ఇంతవరకు సూటిగా జవాబు చెప్పలేదు.

తాము బండ్లు అమ్మే కార్ల కంపెనీ దేశం వదిలి వెళ్లిపోవడం వల్లే ఇదంతా అని తమ్ముడు అంటాడు. అది కొట్టిపారేసే మాట కాదు. జనరల్ మోటార్స్ 2017 చివరికి ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021 సెప్టెంబరు 9న తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది, దేశమంతా ఎన్నో డీలర్ కుటుంబాలు ఖాళీ షోరూములతో మిగిలాయి. డీలర్లని కాపాడే ప్రత్యేక చట్టం కావాలని వాళ్ల సంఘం ఫాడా అడుగుతూనే ఉంది. డీలర్‌షిప్ వారసత్వంగా వచ్చేదీ కాదు, పేరు మార్చాలన్నా కంపెనీ ఒప్పుకోవాలి. అందుకే కంపెనీ పోయాక వీళ్లు పంచుకోవడానికి మిగిలింది స్థలం, దాని మీద అప్పు.

స్థలాన్ని ఎలక్ట్రిక్ బండ్ల డీలర్‌కి లీజుకిచ్చి బ్యాంకుకి కట్టేద్దామని అన్న, అమ్మేసి ఓటీఎస్ (బ్యాంకుతో ఒకేసారి కట్టి తేల్చుకునే ఒప్పందం) చేసుకుందామని తమ్ముడు. రెండింటికీ ఇప్పుడు ఆడపడుచు సంతకం కావాలి. ఆవిడ పార్టిషన్ దావా సివిల్ కోర్టులో ఉంది, బ్యాంకు చర్య మీద అభ్యంతరం వైజాగ్‌లోని డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్) వేశారు. రాయబారానికి పెద్దమనుషులు కోనసీమ వెళ్లొస్తున్నారు, ముందు ఆ వంశవృక్షం కాపీ తెచ్చి చూపించమని ఆవిడ వాళ్లని తిప్పి పంపుతోంది.