వెనీర్ కింద ఉండే సిమెంట్ కథ

వెనీర్లు, అంటే పంటి ముందువైపు అతికించే పల్చని పింగాణీ రేకులు, వేయించుకోవడానికి వచ్చేవాళ్లు ముందు అడిగేది ఏ కంపెనీవి, ఎంత తెల్లగా వస్తాయి, వారంటీ ఎన్నేళ్లు అని. దేంతో అతికిస్తారు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. నిజానికి అర మిల్లీమీటరు మందం పింగాణీ రేకును విడిగా తీసుకుని వేళ్ల మధ్య కాస్త గట్టిగా నొక్కితే పుటుక్కున విరిగిపోతుంది. అదే రేకు పంటికి సరిగ్గా అతుక్కుంటే ఏళ్ల తరబడి నమలడాన్ని తట్టుకుంటుంది. ఆ బలమంతా అతుకుదే.

ఈ అతుకు దొరకడానికి చాలా కాలం పట్టింది. 1928లో కాలిఫోర్నియాలో చార్లెస్ పింకస్ అనే డెంటిస్ట్ హాలీవుడ్ నటుల పళ్ల మీద పల్చని రేకులు పెట్టేవారు, కట్టుడు పళ్లు అంటుకోవడానికి వాడే పౌడరుతో. కెమెరా ముందు బాగానే కనిపించేవి, షూటింగ్ అయ్యాక తీసెయ్యాలి. అప్పట్లో క్యాపులకు జింక్ ఫాస్ఫేట్ సిమెంట్ ఉండేది కానీ అది పంటికి రసాయనికంగా అంటుకునేది కాదు. పంటిని చుట్టూ అరగదీసి టోపీలా తొడుగుతారు కాబట్టి ఆ ఆకారమే క్యాప్‌ను పట్టి ఉంచేది. వెనీర్‌కు అలాంటి పట్టు ఎక్కడిది, ముందువైపు అతికించే రేకు అది.

1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో మైఖేల్ బ్యూనోకోర్ అసలు దారి చూపించారు. లోహానికి పెయింట్ బాగా పట్టాలని పరిశ్రమల్లో ముందుగా ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తారు కదా, పంటికి ఎందుకు పూయకూడదు అని పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ మీద 85 శాతం యాసిడ్‌ను 30 సెకన్లు పెట్టి చూశారు. ఎనామిల్‌లో కంటికి కనిపించని గుంటలు పడ్డాయి, ద్రవంగా ఉన్న రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం, వాటిలోకి దిగి గట్టిపడింది. 1962లో రాఫెల్ బోవెన్ బిస్-జీఎంఏ అనే రెజిన్‌కు పేటెంట్ పొందారు, ఇప్పటికీ చాలా డెంటల్ రెజిన్లకు అదే ఆధారం. పంటి వైపు సమస్య ఇలా తీరింది. పింగాణీ వైపు మాత్రం అలాగే ఉండిపోయింది. 1975లో ఫ్రాన్స్‌లో రోషెట్ సైలేన్ అనే, పింగాణీకీ రెజిన్‌కూ లంకె వేసే రసాయనం వాడి పింగాణీని అతికించారు, 1983లో సైమన్సన్, కలామియా పింగాణీ లోపలివైపును హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో గరుకు చేస్తే రెజిన్ ఎంత గట్టిగా పడుతుందో చూపించారు. అక్కడితో పంటికీ రేకుకూ మధ్య గొలుసు పూర్తయింది.

తర్వాతి గొడవ రంగుది. రెజిన్ సిమెంట్లలో లైట్ పడితేనే గట్టిపడేవి ఉన్నాయి, లైట్ అందకపోయినా రసాయన చర్యతో కూడా గట్టిపడే డ్యుయల్ క్యూర్ రకం ఉంది. రెండోదానిలో ఆ చర్య కోసం బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పాటు అమీన్ అనే రసాయనం ఉంటుంది, ఆ అమీన్ కాలక్రమంలో ఆక్సీకరణం చెంది పసుపు తిరుగుతుంది. మందమైన క్యాప్ కింద అది తెలియదు, పల్చని వెనీర్ కింద బయటికి కనిపించేస్తుంది. అందుకే వెనీర్లకు లైట్ క్యూర్ సిమెంటే మేలు, రేకు పల్చగా ఉంటే వెలుతురు లోపలికి సరిపడా వెళ్తుంది. పైగా ఆరు వెనీర్లు ఒకేసారి పెట్టి, వరస సరిచేసి, అదనపు సిమెంట్ తుడిచేదాకా అది గట్టిపడకుండా ఆగుతుంది. కుర్చీ పైనున్న లైటు మాత్రం పక్కకు తిప్పాలి, దాని వెలుతురుకు కూడా గట్టిపడటం మొదలవుతుంది. అమీన్ లేకుండా పనిచేసే సిమెంట్లు కూడా తర్వాత వచ్చాయి.

ఇంకో చిక్కు పగుళ్లు. రెజిన్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది, వేడికీ చలికీ పింగాణీ కన్నా చాలా ఎక్కువ సాగి ముడుచుకుంటుంది. రేకు సరిగ్గా కూర్చోక కింద సిమెంట్ మందంగా మిగిలిపోతే ఆ లాగుడంతా పింగాణీ మీద పడుతుంది. సిమెంట్ కన్నా పింగాణీ మూడింతలకు పైగా మందం ఉంటే పగుళ్లు తక్కువని 1999లో పాస్కల్ మాన్యే బృందం పరీక్షించి చెప్పింది. సిమెంట్ ఎంత మంచిదైనా, కొలతలో కుదరని రేకును అది కాపాడలేదు.

మన దగ్గర ఇదంతా ఫ్లోరోసిస్ దగ్గర, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల మీద మచ్చలు పడే జబ్బు దగ్గర తేలుతుంది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాశారు, నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లు గోధుమ రంగు మచ్చలు దాచుకోవడానికి వెనీర్లు అడుగుతారు, నవ్వడానికే మొహమాటపడుతూ. వాళ్ల పళ్ల ఎనామిల్ పైపొర యాసిడ్‌కు మామూలుకన్నా మొండిగా ఉంటుంది, కాబట్టి యాసిడ్‌ను మామూలుగా ఉంచినంత సేపే ఉంచితే అతుకు బలహీనపడొచ్చు. మచ్చ కనపడకూడదని పళ్లను లోతుగా అరగదీస్తే ఎనామిల్ పోయి దాని కిందున్న పొర డెంటిన్ బయటపడుతుంది, అక్కడ రెజిన్ పట్టు ఎనామిల్ మీద ఉన్నంత నమ్మకంగా ఉండదు. అరగదీయకుండా వదిలేస్తే మచ్చను సిమెంట్ షేడ్ దాచాలి, కొంచెం దాచగలదు, మొత్తం కాదు. ఈ బేరం ఎంతవరకు అన్నది పళ్లు అరగదీయకముందే పేషెంట్‌తో కూర్చుని మాట్లాడాలి. అతికించే రోజు ముందుగా, సిమెంట్ రంగులోనే ఉండి గట్టిపడని ట్రై-ఇన్ పేస్ట్‌తో వెనీర్ పెట్టి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో అద్దం చేతికిచ్చి చూపించాలి. ఆ పేస్ట్ నీళ్లతో కడిగితే పోతుంది, అసలు సిమెంట్ మీద ఒకసారి లైట్ వేశాక వెనీర్‌ను కోసి తీయాల్సిందే.