కేక్ కుంగిపోయిందా? ముందు ఆ రెండో గిన్నె పిండి కలపడం ఆపండి

శనివారం రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగిందంటే అది ఆర్డర్ కాదని నాకు ఎప్పుడో అర్థమైపోయింది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను, సెలవుల్లో క్లాసులు చెబుతాను, అందుకని నా నంబరు ఎవరెవరి దగ్గరో ఉంటుంది. పోయిన వారం మధురవాడ నుంచి ఒకమ్మాయి చేసింది, గొంతులో ఏడుపు. "అక్కా, కేక్ మధ్యలో గుంత పడిపోయింది. రేపు సాయంత్రమే బాబు పుట్టినరోజు. మళ్ళీ కలిపేస్తున్నాను, ఈసారి బేకింగ్ పౌడర్ ఇంకో స్పూను ఎక్కువ వేసేదా?"

వద్దమ్మా, ముందు గిన్నె పక్కన పెట్టి మంచినీళ్ళు తాగు అన్నాను.

అపోహ: కుంగిన కేక్ పారేయాల్సిందే, రాత్రికి రాత్రే ఇంకోటి చేయాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. డబ్బు పోతుంది, నిద్ర పోతుంది, పొద్దున్న పిల్లాడి మీద విసుక్కుంటారు. మొదటిది ఎందుకు కుంగిందో తెలియకుండా రెండోది చేస్తే అదీ అలాగే కుంగుతుంది. అదే టిన్ను, అదే కొలత, అదే ఓవెన్, మీరేమో ఇంకా అలసిపోయి ఉన్నారు. పైగా బేకింగ్ పౌడర్ పెంచితే పొంగు ముందే వచ్చేస్తుంది, లోపల పిండి గట్టిపడేలోగా బుడగలు పగిలిపోయి మొత్తం కూలబడుతుంది. కప్పు మైదాకి ఒక టీస్పూను, మహా అయితే ఒకటింపావు, అంతకు మించి వద్దు.

ఇది నాకు ఎలా తెలుసంటారా? మా పాప మూడో పుట్టినరోజుకి నేనూ అదే చేశాను. రాత్రి పదకొండున్నరకి రెండో కేక్, ఒంటిగంటకి మూడోది, గుడ్లు అయిపోతే మా ఆయన స్కూటర్ మీద ఊరంతా తిరిగి వచ్చారు. మూడూ కుంగాయి. తెల్లవారాక తీరిగ్గా చూస్తే, నేను రాసుకున్న కొలత 8 అంగుళాల టిన్నుది, పోసింది 6 అంగుళాల దాంట్లో. లెక్క వేయండి, పిండి దాదాపు రెట్టింపు లోతు అవుతుంది, అంచులు మాడేదాకా ఉంచినా మధ్యలో ఉడకదు. మా అత్తయ్య అప్పటికే దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పోశారు. దిష్టి తీసుకోండి, తప్పులేదు, కానీ టిన్ను కూడా ఒకసారి కొలవండి.

సరే, ఆ అమ్మాయికి ఏం చెప్పానో మీకూ చెబుతాను. ముందు గుంత దగ్గర పుల్ల గుచ్చి చూడండి. పుల్లకి తడిపిండి అంటుకుని, కేక్ ఇంకా పొగలు కక్కుతుంటే, పైన ఫాయిల్ కప్పి 160 డిగ్రీల దగ్గర ఇంకో పది పదిహేను నిమిషాలు పెట్టండి. గుంత పూడదు కానీ ఉడుకుతుంది. చల్లారిపోయాక మళ్ళీ పెడితే మాత్రం అంచులు రస్కులైపోతాయి, అప్పుడు ఆ పచ్చి భాగం కోసి పారేయడమే. మొహమాటం వద్దు. పచ్చి గుడ్డు, పచ్చి మైదా రెండూ పిల్లల కడుపు పాడుచేస్తాయి.

ఉడికిన కేక్ కుంగితే అసలు బాధే లేదు. స్టీలు గ్లాసు బోర్లించి మధ్య భాగం గుండ్రంగా కోసి తీసేయండి, ఆ గోతిలో జెమ్స్ బిళ్ళలు నింపి పైన క్రీమ్ మూత వేయండి. మా పాపకి చివరికి చేసింది అదే. కత్తి దిగగానే రంగురంగుల బిళ్ళలు జలజలా రాలితే పిల్లలు కేకలు పెట్టారు, ఆ తర్వాత రెండేళ్ళు అదే కేక్ కావాలంది మా పాప. ఇక ముక్కలు ముక్కలైపోయిందా, పారదర్శకంగా ఉండే గ్లాసుల్లో ఒక వరస కేక్ పొడి, ఒక వరస కస్టర్డ్, మామిడో అరటో ఏ పండుంటే అది. లేదా పొడిలో కాస్త క్రీమ్ కలిపి సున్నుండల్లా చుట్టి చాక్లెట్‌లో ముంచండి. పొడిపొడిగా ఉంటే ఇంకో చెంచా క్రీమ్, అంతే.

అపోహ: క్రీమ్ కారిపోతోందంటే కంపెనీ మోసం చేసింది.

వేడి కేక్ మీద ఏ క్రీమ్ అయినా కారుతుంది. టిన్నులో పది నిమిషాలు, జాలీ మీద కనీసం రెండు గంటలు, చేత్తో అడుగు ముట్టుకుంటే చల్లగా తగలాలి. ఇంకోటి, వంటల్లో వేసే 25 శాతం కొవ్వు ఫ్రెష్ క్రీమ్‌ని గంటసేపు గిలక్కొట్టినా నిలబడదు, కనీసం 30 పైన ఉండాలి. గడ్డకట్టించి అమ్మే విప్పింగ్ క్రీమ్ అయితే ముందు రాత్రే ఫ్రిజ్‌లోకి దించుకుని, చల్లగా ఉండగానే, వీలైతే గిన్నె కూడా చల్లబరిచి కొట్టండి. మన విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, మే నెలలో బీచ్ పక్కన పార్టీ పెట్టుకుని కేక్ నాలుగింటికే బల్లమీద పెడితే ఏ క్రీమూ ఆగదు. కోసే పది నిమిషాల ముందు బయటికి తీయండి.

మిగతావి గబగబా. బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కాదు. సోడాకి పెరుగో నిమ్మరసమో వెనిగరో తోడుండాలి, పైగా అది మూడు నాలుగు రెట్లు ఘాటు. పెరుగు, సోడా వేసిన ఎగ్‌లెస్ పిండి కలిపిన వెంటనే ఓవెన్‌లోకి వెళ్ళాలి, గట్టు మీద అరగంట ఎదురుచూస్తే గ్యాసంతా పోతుంది. మూత సరిగ్గా లేని బేకింగ్ పౌడర్ మన గాలిలో తేమకి చచ్చిపోతుంది. వేడినీళ్ళలో అర స్పూను వేసి చూడండి, బుసబుసమంటే బతికున్నట్టు. కుక్కర్‌లో కేక్ రాదన్నది అబద్ధం, గాస్కెట్, విజిల్ తీసేసి, నీళ్ళు పోయకుండా, అడుగున ఉప్పు పోసి చేస్తే బ్రహ్మాండంగా వస్తుంది. ఇక పిండిని ఒకే వైపు తిప్పాలి, అటూ ఇటూ తిప్పితే కేక్ పొంగదు అనే వాట్సాప్ జ్ఞానం ఒకటుంది, దయచేసి నాకు ఫార్వార్డ్ చేయకండి. ఎక్కువసేపు కలిపితే కేక్ గట్టిబడుతుంది, ఎటు తిప్పారన్నది దానికి తెలియదు.

ఆ మధురవాడ అమ్మాయి గ్లాసుల దారి పట్టింది, ఇరవై రెండు గ్లాసులు. ఆదివారం సాయంత్రం ఐదింటికి మళ్ళీ ఫోన్. "అక్కా, అన్నీ బాగా వచ్చాయి, కానీ కొవ్వొత్తి ఎక్కడ గుచ్చాలి?" అది నాకూ తట్టలేదు. చివరికి అన్నిట్లోకీ పెద్ద గ్లాసు బాబు ముందు పెట్టి, పైన అరటిపండు ముక్కలో గుచ్చిందట.